ఇంజను బంగారమే, కింద రేకు సంగతేంటి?

"ఆయ్, ఇంజను బంగారమండీ! ఓ బ్యాటరీ తగిలించి, కాస్త పెట్రోలు పోస్తే దడదడలాడించేద్దాం."

ఏళ్ళ తరబడి సావిట్లో నిలబడిపోయిన అంబాసిడర్ దగ్గరికి మెకానిక్కుని తీసుకెళితే గోదావరి జిల్లాల్లో మొదట వినబడే మాట ఇదే. ఆయన అబద్ధం చెప్పడం లేదు. సాయంత్రానికల్లా బండి నిజంగానే స్టార్టవుతుంది. ఇంటిల్లిపాదీ చుట్టూ చేరతారు. ఎవరో వీడియో తీసి హైదరాబాదులో ఉన్న పెద్దబ్బాయికి పంపుతారు. ఆ పొగలో, ఆ చప్పుడులో "బాగు చేయించేద్దాం" అన్న తీర్మానం జరిగిపోతుంది. ఏడాదిన్నర పోయాక చూస్తే ఆ బండి ఏదో టింకరింగు షెడ్డు వెనక, తలుపులూడదీసి, వానకి తడుస్తూ ఉంటుంది. మూడో విడత డబ్బు ఎవరు పంపాలన్న దగ్గర అన్నదమ్ముల మధ్య మాటలు తగ్గిపోయి ఉంటాయి.

పాత కారుని బాగు చేయించాలా, తుక్కుకి వేయాలా అన్నది ఇంజను తేల్చే విషయం కాదని నా వాదన. డెల్టాలో అసలే కాదు. ముందు కాగితాలు చూడాలి, తరవాత కింద రేకు చూడాలి, ఆ తరవాత బయట దొరకని సామాను చూడాలి. ఇంజను చిట్టచివర. మనవాళ్ళు సరిగ్గా దీనికి తలకిందులుగా చూస్తారు. ఎందుకంటే ఇంజను మాట్లాడుతుంది, తుప్పు మాట్లాడదు.

ఇంజను చివర ఎందుకు

మన పల్లెల్లో మిగిలిన పాత కార్లలో ఎక్కువ భాగం అంబాసిడర్లే కాబట్టి దాన్నే పట్టుకుంటాను. 1957 నుంచి 2014 దాకా బెంగాల్లోని ఉత్తరపారాలో తయారైన బండి. దాని 1489 సీసీ పెట్రోలు ఇంజను బ్రిటిష్ వాళ్ళ బీ-సిరీస్ రకం. పోత ఇనుము బ్లాకు, పోత ఇనుము హెడ్డు, మూడు మెయిన్ బేరింగులు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. పంపుసెట్లు, ట్రాక్టర్లు బాగుచేసే లేతు షాపు ఉన్న ఏ ఊళ్ళోనైనా దాన్ని కొత్తదాన్ని చేయొచ్చు. భీమవరం, రాజమండ్రి, అమలాపురం దేనికి వెళ్ళినా రీబోరింగు, క్రాంకు గ్రైండింగు చేసేవాళ్ళు ఉన్నారు. బోరు, అంటే పిస్టను ఆడే సిలిండర్ గోడ, అరిగితే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన పది, ఇరవై, ముప్పై, నలభై ఓవర్‌సైజులకి పెంచుకుంటూ పోవచ్చు. నలభై కూడా అయిపోతే స్లీవు దిగ్గొట్టి మళ్ళీ మొదటి సైజుకి రావచ్చు. అంటే ఇంజను పాడవడం అన్నది ఖర్చే తప్ప అడ్డంకి కాదు. 1992 తరవాత వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజను బండ్లకి సామాను ఇంకాస్త ఖరీదు. తేడా అంతే.

అయితే ఇంజనుని పరీక్షించే పద్ధతిలోనే చాలామంది దాన్ని చంపేస్తారు. పదేళ్ళు ఆగిన బండికి బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టకూడదు. రింగులు బోరుకి తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలవంతాన తిప్పితే రింగు విరిగి గోడ గీసేస్తుంది. ముందు నాలుగు ప్లగ్గులూ విప్పాలి. ఇంజనాయిలు, డీజిలు సగం సగం కలిపి ఒక్కో సిలిండర్లో రెండేసి పెద్ద చెంచాలు పోసి రెండు రోజులు వదిలేయాలి. ఆ తరవాత హ్యాండిల్ రాడ్డు ఉంటే దాంతో, లేకపోతే టాప్ గేర్లో వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపుతూ చేత్తో కదిలించాలి. కదలకపోతే మళ్ళీ రెండు రోజులు.

కదిలిందనుకోండి, అప్పుడు పాత ఆయిలు దింపాలి. బోల్టు వదలగానే మొదట ఏం వస్తుందో చూడండి. ఆయిలు కన్నా ముందు నీళ్ళు వస్తే, లేదా గంజిలా తెల్లటి జిడ్డు వస్తే, లోపలికి నీళ్ళు చేరాయన్నమాట. హెడ్ గాస్కెట్టు కావచ్చు, వరద కావచ్చు. కొత్త ఆయిలు పోసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్ తిప్పి, ఆయిలు ప్రెషరు లేచిందని నమ్మకం కుదిరాకే ప్లగ్గులు పెట్టాలి. స్టార్టయి బాగా వేడెక్కాక, నడకలో 50 పౌండ్ల దరిదాపు ప్రెషరు ఉంటే ఇంజను అడుగు భాగం బాగున్నట్టే. ఐడిల్లో 15 కన్నా కిందికి జారితే బేరింగులు అరిగాయని అర్థం.

సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ పరీక్షకి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి, ఒక్కో సిలిండర్ని ఐదారు చుట్లు తిప్పాలి. అంకె ఎంతన్నదాని కన్నా నాలుగూ దగ్గర దగ్గరగా ఉన్నాయా లేదా అన్నది ముఖ్యం. ఒకటి తక్కువొస్తే దాంట్లో చెంచాడు ఆయిలు పోసి మళ్ళీ చూడండి. పెరిగితే రింగులు, పెరక్కపోతే వాల్వులు. పక్కపక్కనున్న రెండూ ఒకేలా పడిపోయి ఉంటే ఆ రెండిటి మధ్య గాస్కెట్టు పోయింది.

హెడ్డు ఎలాగూ దింపుతున్నప్పుడు చేయించాల్సిన పని ఇంకోటుంది. మన దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే. పాత హెడ్డులో ఎగ్జాస్టు వాల్వులు పోత ఇనుము మీదే కూర్చుంటాయి. సీసం లేకపోతే ఆ సీటు క్రమంగా అరిగి వాల్వు లోపలికి దిగిపోతుంది. ట్యాపెట్లు సెట్ చేసిన కొద్దిరోజులకే మళ్ళీ బిగుసుకుపోతుంటే కారణం ఇదే. గట్టి సీట్లు వేయించుకుంటే ఆ బాధ ఉండదు. అలాగే ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుకి పాత రబ్బరు ఆగదు. ఏసీ పంపులో (పెట్రోలు లాగే పంపు) డయాఫ్రం, పెట్రోలు గొట్టాలు, కార్బొరేటర్ కిట్టు ఇథనాల్‌కి తట్టుకునే రకం వేయాలి. ఇంజను గురించి ఇంత చాలు. ఇదంతా డబ్బూ ఓపికా ఉంటే అయిపోయే పని.

వరద నీరు వేరు, చెరువు నీరు వేరు

రేకు దగ్గరికి వద్దాం. అంబాసిడర్‌కి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఫ్లోరు, తలుపుల కింద బోలు పెట్టెలు, స్తంభాలు, రూఫు అన్నీ కలిసే చాసిస్. ప్రీమియర్ పద్మినీ కారు కూడా అంతే. కాబట్టి "బాడీ పోయింది గానీ చాసిస్ బాగుంది" అని ఎవరైనా ఈ బండ్ల గురించి చెబితే ఆయనకి బండి తెలియదన్నమాట.

డెల్టాలో రేకుని తినేవి చాలా ఉన్నాయి. అన్నిటినీ "తేమ" అని ఒక్క మాటలో కట్టేస్తే నిర్ణయం తప్పుతుంది. 1986 ఆగస్టులోనో 2022 జూలైలోనో లంక ఊళ్ళలో వరదలో మునిగిన బండిని చూసి అందరూ "ఇంకెక్కడిది" అంటారు. కానీ గోదావరి ఎర్రనీరు మంచినీరే. అది వదిలేసిపోయేది ఒండ్రు. ఆ ఒండ్రు బోలు పెట్టెల్లో అడుగున అట్టకట్టి తడిని పట్టి ఉంచుతుంది. వెంటనే రంధ్రాలు పొడిచి, పంపు నీళ్ళతో లోపలంతా కడిగి ఆరబెట్టిన బండి బతికిపోతుంది. వైరింగు, సీట్లు, డైనమో పోతాయి. షెల్లు, అంటే బాడీ డొల్ల, మిగులుతుంది.

బతకనివ్వనిది ఉప్పు. రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగిన బండి, నరసాపురం-సఖినేటిపల్లి పంటు మీద ఏళ్ళ తరబడి రేవు దాటిన బండి, అంతర్వేది వైపు సముద్రపు గాలికి నిలబడ్డ బండి, అన్నిటికన్నా ఎవరూ లెక్కలోకి తీసుకోనిది, తీర మండలాల్లో ఉప్పుబోరు నీళ్ళతో శ్రద్ధగా రోజూ కడిగిన బండి. డ్రైవరు ఎంత పనిమంతుడైతే అంత నష్టం. ఉప్పు తుప్పు గుంటల్లోకి చేరిందంటే పైకి ఆరినట్టు కనబడినా గాలిలోంచి తేమని లాగుతూనే ఉంటుంది. అందుకే షెడ్డులో పొడిగా పెట్టామన్నా తినేస్తూ పోతుంది. మీద రేకు వేసి వెల్డు చేసినా కింద పని ఆగదు. ఉప్పు తగిలిన రేకుని కోసేయాలి. లేదా తుప్పు పూర్తిగా గీకి, మంచినీళ్ళతో పలుమార్లు కడిగి, ఆరాక ఫాస్ఫారిక్ యాసిడ్ మందు పట్టించాలి. ఈ కడగడం అనే మెట్టుని దాదాపు అందరూ దాటేస్తారు.

సావిడి సంగతి కూడా చెప్పుకోవాలి. పశువుల పక్కన కారు పెట్టడం మన దగ్గర మామూలే. గేదెల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఇనుముని పెద్దగా ఏమీ చేయదు, రాగినీ ఇత్తడినీ తింటుంది. రేడియేటరు, వైర్ల కొనలు, డెల్కోలో (డిస్ట్రిబ్యూటర్) ముక్కలు పచ్చబారి ఉంటే కారణం అదే. ఇక గడ్డిమేటు ఆనుకుని నిలబెట్టిన బండికి ఎలుకలు ఉచితం. సీటు కింద గూడు, ఆ గూడు కింద తడి, ఆ తడి కింద ఫ్లోరులో చిల్లు, సాధారణంగా ఇదే వరస. తలుపుల అడుగున నీళ్ళు కారడానికి ఉండే చిన్న కన్నాలు ఊక, దుమ్ము కలిసి మూసుకుపోతే తలుపు లోపల చెంబెడు నీళ్ళు ఏడాది పొడుగునా ఉంటాయి.

జాకీ ఎక్కించాక

చూడటానికి రెండు గంటలు చాలు. కావలసినవి టార్చి, చిన్న సుత్తి, పెద్ద స్క్రూడ్రైవరు, గుడ్డలో చుట్టిన అయస్కాంతం, జాకీ, గట్టి దుంగలు. మనది నల్ల బంకమట్టి. వానాకాలంలో జాకీ లేస్తుంటే బండి లేవదు, జాకీయే దిగుతుంది. కింద రెండంగుళాల మందం చెక్క వేయాలి. ఇటుకల మీద బండి నిలబెట్టి కిందకి దూరొద్దు. ఇటుక చెప్పి పగలదు.

మొదట జాకీ ఎక్కించే పనే ఒక పరీక్ష. తలుపులు మూసి ఒక పక్క లేపండి. లేపిన పక్క తలుపు తెరిచి చూడండి. ముందు సులువుగా పడిన తలుపు ఇప్పుడు పట్టేస్తుంటే షెల్లు వంగుతోంది, అంటే కింద పెట్టెల్లో బలం లేదు. జాకీ పాయింటు కరకరమని లోపలికి దిగిపోతే ఇంక మిగతా పరీక్ష మర్యాద కోసమే.

కింద చూడాల్సిన చోట్లు ముఖ్యంగా నాలుగు. ముందు సస్పెన్షన్ని మోసేవి పొడుగాటి టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీలు. వాటి వెనక కొసలు ఫ్లోరు కింద అడ్డంగా ఉండే క్రాస్ మెంబరులో బిగించి ఉంటాయి. ఆ చోటు తుప్పు పడితే బండి బరువు మోసే కొస ఊడుతుంది. ఇది అన్నిటికన్నా ప్రమాదం. రెండోది తలుపుల కింద పొడుగునా ఉండే బోలు పెట్టె, పుస్తకాల్లో సిల్లు అంటారు. మూడోది వెనక కమాన్ కట్టల రెండు కొసలూ బాడీకి తగిలే చోటు. నాలుగోది ఇంజనుని మోసే ముందు కాళ్ళు. ప్రతిచోటా సుత్తితో మెల్లగా కొట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది, చెడ్డది బూడిద గుమ్మడికాయలా మూగగా పలుకుతుంది. మూగగా పలికిన చోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కండి. దిగితే దిగనివ్వండి, దాచుకుని లాభం లేదు.

పైన అయస్కాంతం పని. చక్రాల మీద వంపులు, తలుపుల కింది అంచులు, డిక్కీ పక్కలు. అయస్కాంతం జారిపోయిన చోట లప్పం ఉంది. పెళ్ళిళ్ళకి అద్దెకి తిప్పే మెరుగు బండ్లలో అరంగుళం లప్పం ఉండటం వింతేం కాదు. అద్దంలా మెరిసే బండి మీద తక్కువ నమ్మకం పెట్టడం మంచిది. మాసిన, పాత రంగుతోనే ఉన్న బండి తన రోగం తానే చూపిస్తుంది. కొబ్బరిచెట్ల కింద నిలిపిన బండికి రూఫు సొట్టలు ఎలాగూ ఉంటాయి. వాటికన్నా రూఫు చుట్టూ ఉండే నీటి కాలువ అతుకు తుప్పు పట్టిందా అన్నది చూడాలి. అక్కడి నుంచి నీళ్ళు స్తంభాల్లోకి, స్తంభాల్లోంచి సిల్లుల్లోకి దిగుతాయి.

ఇక లెక్క. నాలుగు చోట్లలో ఒకటో రెండో పోతే బాగు చేయించవచ్చు. ఫ్లోరు ముక్కలు, తలుపుల అడుగులు, డిక్కీ అడుగు పోవడం నా దృష్టిలో అసలు జబ్బే కాదు. అవి కోసి వేసుకునే రేకులు. కానీ నాలుగూ, రెండు పక్కలా పోయిన బండిని ఇంటి కారుగా నడుపుకోవడానికి బాగు చేయించొద్దు. కారణం డబ్బు ఒక్కటే కాదు. ఆ స్థితిలో కొలత తీసుకోవడానికి మంచి చోటు ఒక్కటీ మిగలదు. దేన్ని ఆధారం చేసుకుని దేన్ని అతకాలి? చక్రాలు నాలుగూ ఒక వరసలో లేని బండి తయారవుతుంది. ఇంజను బంగారమే అయినా బండి తిన్నగా పోదు, టైర్లు మూడు నెలలకి అరుగుతాయి.

ఖర్చుని రూపాయల్లో అడగొద్దు, రోజుల్లో అడగండి. రెండు పక్కలా సిల్లులు, ముందు ఫ్లోరు అంటే మేస్త్రికీ అసిస్టెంటుకీ ఇరవై, ఇరవై ఐదు పనిరోజులు. "పది రోజుల్లో అయిపోతుందండీ" అన్నారంటే పాతదాని మీద కొత్త రేకు అతికిద్దామనుకుంటున్నారు. సిల్లు కోసే ముందు తలుపు ఖాళీలో పైపు అడ్డం పెట్టి వెల్డు చేయించారా అని చూడండి. అది లేకుండా కోస్తే బండి నడుము వంగి, తరవాత ఏ తలుపూ పడదు. సిల్లులకి 18 గేజి, మోసే చోట్లకి 16 గేజి రేకు వాడాలి. పలచటి 22 గేజి వంచడానికి సుఖంగా ఉంటుంది, అందుకే అదే వాడాలని చూస్తారు. గ్యాస్ వెల్డింగుకి రేకు ఎక్కువ వేడెక్కి ముడతలు పడుతుంది. సీవోటూ వెల్డింగు ఉన్న షెడ్డు దూరమైనా అక్కడికే తీసుకెళ్ళండి.

ముహూర్తం కూడా చూడాలి, పంచాంగంలో కాదు, ఆకాశంలో. సంక్రాంతి దాటాక విప్పి, రోహిణి కార్తె లోపు రంగు పడేలా చూసుకోవాలి. వానల్లో రంగు వేస్తే తేమకి తెల్లగా పొగచూరుతుంది. అంతకన్నా పెద్ద మోసం ప్రైమరు. బూడిదరంగు ప్రైమరు కొట్టేశాం కదా, ఇంక భయం లేదని వానలో వదిలేస్తారు. మామూలు ప్రైమరు నీళ్ళని పీలుస్తుంది. ఒక్క వానాకాలం చాలు, కింద మళ్ళీ తుప్పు మొలుస్తుంది. ఆగక తప్పదనుకుంటే ఎపాక్సీ ప్రైమరు వేయించాలి.

కాగితం లేని కారు

ఇవన్నీ చూడకముందే చూడాల్సింది ఆర్సీ. మూడక్షరాల పాత నంబరు బండి ఆర్సీ చాలా ఇళ్ళలో తాతగారి పేరు మీదే ఉండిపోయి ఉంటుంది. చట్టం ప్రకారం యజమాని పోయాక వారసులు 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో ఫారం 31తో పేరు మార్పించుకోవాలి. ముప్పై ఏళ్ళయినా ఎవరూ వెళ్ళి ఉండరు. మిగతా వారసుల సంతకాలు కావాలి. అందుకే మొదట మేస్త్రితో కాదు, మేనత్తలతో మాట్లాడాలి. ఎప్పుడో తీరిపోయిన ఫైనాన్సు ఆర్సీలో అలాగే ఉంటే దాన్ని తీయించాలి. ఆ కంపెనీయే మూతపడి ఉంటే అదో యాత్ర. పాత ఆర్సీ పుస్తకం ఆన్‌లైన్లో ఎక్కి ఉండకపోతే ముందు అది ఎక్కించాలి.

"పదిహేనేళ్ళు దాటితే తుక్కే కదా" అనేవాళ్ళకి ఒక మాట. సొంత కారుకి మన దగ్గర అలాంటి నియమం లేదు. 15 ఏళ్ళకి రిజిస్ట్రేషన్ గడువు తీరుతుంది, ఫిట్‌నెస్ పాసైతే ఐదేళ్ళకోసారి పొడిగిస్తారు. ఫీజు మాత్రం పెరిగింది. 2025 ఆగస్టు నోటిఫికేషన్ ప్రకారం 20 ఏళ్ళు దాటిన కారుకి 10,000 రూపాయలు. పాత పద్మినీలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి.

50 ఏళ్ళు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ అనే దారి 2021 నుంచి ఉంది. 20,000 రూపాయలు కట్టాలి, పదేళ్ళు చెల్లుతుంది, నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. 1975లో వచ్చిన మార్క్-3 బండ్లు ఇప్పుడు ఆ గీత దాటుతున్నాయి. దీనికి సంబరపడే ముందు రెండు సంగతులు. ఒకటి, ఆ బండిని ప్రదర్శనకో ర్యాలీకో తీసుకెళ్ళొచ్చు, పెట్రోలుకీ మరమ్మతుకీ తిప్పొచ్చు, అంతేగానీ రోజూ సంతకి వెళ్ళడానికి కుదరదు. రెండు, చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. పెట్రోలు ఇంజను పీకి ఏదో డీజిలు ఇంజను బిగించిన బండ్లు మన జిల్లాల్లో కొల్లలు. అవి ఈ దారిలో పోలేవు. ఆ మార్పు ఆర్సీలో ఎక్కకపోతే మామూలు దారిలోనూ ఇబ్బందే.

నా లెక్కకి ఎదురు తిరిగే బండ్లు

ఈ "కింద రేకు" నియమం అన్ని బండ్లకీ వర్తించదని ఒప్పుకోవాలి. అంబాసిడర్ విషయంలో అది ఎందుకు పనిచేస్తుందంటే, అలాంటి బండి ఇంకోటి దొరుకుతుంది కాబట్టి. మీ సావిట్లో ఉన్నది అంబాసిడర్‌కి ముందొచ్చిన లాండ్‌మాస్టరో, తొలినాటి అంబాసిడరో అయితే లెక్క తిరగబడుతుంది. రేకుని మేస్త్రి చేత్తో చేస్తాడు. దాని గ్రిల్లు, మీటర్లు, దీపాల చుట్టూ ఉండే రింగులు ఎవరూ చేయలేరు. అలాంటి బండి సామాను మొత్తం ఉండి రేకు పోతే బాగు చేయించవచ్చు, రేకు ఉండి సామాను పోతేనే ఆలోచించాలి. స్టాండర్డ్ హెరాల్డ్‌కి విడిగా చాసిస్ ఉంటుంది, దాన్ని బాడీ ఎత్తేసి విడిగా బాగు చేయించొచ్చు. అక్కడ నా నాలుగు చోట్ల పరీక్ష చెల్లదు.

అంబాసిడర్‌కైనా అద్దాల రబ్బర్లు, తలుపు హ్యాండిళ్ళు, క్రోమియం పట్టీలు చిన్నవిగా కనబడి పెద్ద తిప్పలు పెడతాయి. విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ వెతకాల్సిందే. అవన్నీ ఉన్న బండికీ లేని బండికీ మధ్య తేడా ఇంజను తేడా కన్నా ఎక్కువ.

ఇంకో అభ్యంతరం నిజంగా ఆలోచింపజేసేది. "మంచి షెల్లు ఉన్న ఇంకో బండి కొనుక్కో అంటున్నారు. కానీ అది మా తాతయ్య బండి కాదు కదా?" నిజమే. దీనికి మన షెడ్లలో ఒక జవాబుంది: ఆ బండి కొని, తాతయ్య బండి చాసిస్ నంబరు ఉన్న రేకు కోసి దానికి అతికించేయడం. అది నేరం. పైగా రెండు బండ్ల కాగితాలూ పనికిరాకుండా పోతాయి. కానీ ఆ ప్రశ్నకి నా దగ్గరా పూర్తి జవాబు లేదు. సిల్లులు, ఫ్లోరు, వెనక భాగం, తలుపులు అన్నీ మార్చాక మిగిలింది తాతయ్య బండి అవుతుందా? చట్టానికి నంబరు ఉన్నదే బండి. ఇంట్లోవాళ్ళకి మాత్రం చాలాసార్లు తెల్లటి పెద్ద స్టీరింగు, హారను చప్పుడు, ముందు సీటు. ఆ మూడూ ఇంకో అంబాసిడర్లోకి మారతాయి, చట్టం కూడా ఏమీ అనదు.

"ఇప్పుడే ఎందుకు, ఉండనీండి చూద్దాం" అన్నది మూడో దారిలా కనబడుతుంది. ఉప్పు ఉన్న చోట అది దారి కాదు, ఎవరూ సంతకం పెట్టకుండా తుక్కుకి పంపడమే. ఆగాల్సిన కారణం నిజంగా ఉంటే గడ్డి, పశువులు దూరంగా ఉన్న చోట గచ్చు మీద పెట్టండి. చక్రాలు నేల నుంచి లేపి, పెట్రోలు పూర్తిగా తీసేసి, కార్పెట్లు బయట పడేసి, అద్దాలు కాస్త దింపి ఉంచండి. ప్లాస్టిక్ పట్టా కప్పొద్దు, అది చెమటని బయటికి పోనివ్వదు. పాత ఇంజనాయిలు కింద కొట్టించడం మన పెద్దల పద్ధతి, కొంత పనిచేస్తుంది కూడా. కానీ అది బుష్షుల రబ్బరుని ఉబ్బిస్తుంది, మట్టిలోకీ దిగుతుంది. మైనం కలిసిన మందులు ఇప్పుడు దొరుకుతున్నాయి, బోలు పెట్టెల్లోకి గొట్టంతో కొట్టించండి.

తుక్కుకే అని తేలితే

పాత ఇనప సామాను అబ్బాయి ట్రాక్టరు తెచ్చి, కాటా వేసి, డబ్బు చేతిలో పెట్టి తీసుకుపోవడం తేలిక. బండి బరువు పదకొండు వందల కిలోల చిల్లర. అద్దం, రబ్బరు, సీట్లు పోను తొమ్మిది వందల కిలోల లోహం అనుకుందాం. కిలో 30 రూపాయలని లెక్కకోసం వేసుకుంటే 27,000. అదే బండిలో మంచి బానెట్టు, నాలుగు తలుపులు, ముందు అద్దం, బంపర్లు, గేరుబాక్సు, వెనక హౌసింగు, మీటర్లు, రేడియేటరు ఉంటే, విడిగా అమ్మితే అంతకన్నా బాగా ఎక్కువ వస్తుంది. ఎక్కడో ఇంకో అంబాసిడర్ బతుకుతుంది కూడా. స్టార్టయిన ఆ "బంగారం" ఇంజను విలువ తెలిసేది ఇక్కడే. దాన్ని ఆయిలు మార్చి, ప్లగ్గు కన్నాల్లో ఆయిలు పోసి, కార్బొరేటర్ మూతి కట్టి చెక్క పెట్టె మీద ఉంచండి. కొనేవాడు వస్తాడు.

అయితే సామాను పీకే ముందు ఒక మాట. ప్రభుత్వం నమోదు చేసిన తుక్కు కేంద్రంలో అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. కొత్త బండికి రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు, రాష్ట్రం ఇచ్చేదాన్ని బట్టి రోడ్డు పన్నులో రాయితీ దాని మీదే వస్తాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం ఆ రాయితీ సొంత బండికి గరిష్ఠంగా 25 శాతం. కొత్త కారు కొనే ఆలోచన ఉంటే ఈ రాయితీ, విడి సామాను ధర పక్కపక్కన పెట్టి చూసుకోండి. అప్పగించేటప్పుడు ఏ భాగాలు బండికి ఉండాలో ముందే అడిగి తెలుసుకోండి.

కాటాకి అమ్మినా సరే, ఆర్సీ రద్దు చేయించకుండా వదలొద్దు. బండి ఇంక పనికిరాదని తేలాక 14 రోజుల్లో రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయమని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షను చెబుతుంది. లేకపోతే తాతగారి పేరు మీద, ఆయన ఎన్నడూ చూడని ఒక బండి ఎక్కడో తిరుగుతూ ఉంటుంది. ట్రాక్టరు రాకముందే చాసిస్ నంబరు ఉన్న చోట తుప్పుని గుడ్డకి కిరసనాయిలు పట్టించి తుడవండి. పలచటి తెల్లకాగితం పెట్టి పెన్సిల్ని అడ్డంగా పట్టుకుని మెల్లగా రుద్దితే అంకెలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. ఒక అచ్చు ఆఫీసుకి, ఒకటి ఇంటికి. గట్టిగా రుద్దితే కాగితం చిరుగుతుంది.